అద్దె ఇంటి హక్కులు – పాఠం 4: ఓనరు షెడ్డు పీకేస్తే

పోయిన పాఠంలో ఓనరుకు ఉత్తరం రాయమన్నాను. చాలామంది రాసి నాకూ పంపారు. చదివాను. ఎక్కువ ఉత్తరాల్లో ఆఖరి వాక్యం ఒకటే: "షెడ్డు మళ్లీ వేసేదాకా అద్దె కట్టను." ఆ వాక్యం నా పాఠంలో లేదు! ఇవాళ అడ్వాన్సు గురించి చెప్పాల్సింది, అది వచ్చేసారికి. ఓనరు షెడ్డు పీకేస్తే అద్దె ఆపొచ్చా? ముందు ఈ చిక్కు విప్పుకుందాం.

అగ్రిమెంటు చదవడం, ఫొటోలు దాచుకోవడం మళ్లీ చెప్పను.

ఓనరు తీసేసింది మీరు అద్దెకు తీసుకున్న దాంట్లో భాగమా, ఊరికే వాడుకోనిచ్చినదా? మొత్తం దీని మీదే నడుస్తుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒకరిది కింది పోర్షన్, గేటు పక్కన రేకుల షెడ్డు. అగ్రిమెంటులో "బండి పార్కింగుతో సహా" అని ఉంది. అక్కడ వాదనే లేదు, అది అద్దెలో భాగం. గాజువాకలో ఇంకొకరు డాబా మీద బట్టలు ఆరేసుకునేవారు. ఓనరు తీగలు తెంపి మెట్లకు తాళం వేశాడు. అగ్రిమెంటులో డాబా ఊసే లేదు. అది ఉత్త అనుమతే అయితే, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం మామూలుగా వెనక్కి తీసుకోవచ్చు. అయితే టులెట్ ప్రకటనలో "డాబా సౌకర్యం కలదు" అని ఉన్నా, ఇల్లు చూపించినప్పటి వాట్సాప్ మెసేజిలో ఆ మాట ఉన్నా కథ మారుతుంది. వెతకండి.

షెడ్డు మీ డబ్బుతో మీరే వేసుకున్నారా? ఆస్తి బదలాయింపు చట్టం, 1882, సెక్షన్ 108(హెచ్) ప్రకారం వెళ్లేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు, స్థలం మీకు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. ఓనరు దాన్ని పీకి తుక్కు కింద అమ్మేస్తే రేకుల ఖరీదు అడగండి. బిల్లు ఉందిగా?

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లు కాలువ మీద ఉందని కొట్టేస్తే ఓనరుతో తగువు పెట్టుకోకండి, నోటీసు కాపీ అడగండి. గాలివానకు ఎగిరిపోతే అదే ఆస్తి బదలాయింపు చట్టంలో 108(ఇ) చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విశాఖలో రేకులు నిలిచిన ఇళ్లెన్ని! ఆ సెక్షన్ ప్రకారం, అద్దెకున్న ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా పోయినా, ఇక ఎప్పటికీ వాడుకోలేని స్థితికి వచ్చినా, లీజు వద్దనుకునే హక్కు అద్దెదారుది. బండి షెడ్డును ముఖ్యభాగం అని ఒప్పించడం మాత్రం కష్టం.

ఇప్పుడు నాకు విసుగు తెప్పించే సంగతి. అద్దె ఆపినవాళ్లంతా చూపించేది 108(ఎఫ్). అది చెప్పేది ఇంతే: ఓనరు చేయాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయకపోతే, మీరు చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఓనరు చేయాల్సినదై ఉండాలి. నోటీసు ఇచ్చి ఉండాలి. మీరు నిజంగా ఖర్చు పెట్టి ఉండాలి. కారుతున్న పైపుకు ఇది సరిపోతుంది. ఓనరు కావాలని పీకేసిన షెడ్డు మరమ్మతు కిందికి రాదు. పోనీ వచ్చిందే అనుకుందాం, మినహాయించుకునేది పెట్టిన ఖర్చు మాత్రమే, నెల అద్దె మొత్తం కాదు. ఇంకా చూడండి: ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించే హక్కు ఇచ్చేది 108(సి). ఆ హక్కు ఎవరికి? అద్దె కడుతూ షరతులు పాటించేవారికి! అద్దె ఆపితే మీ ఆయుధాన్ని మీరే ఓనరు చేతికిచ్చినట్టు. ఖాళీ చేయించడానికి అద్దె బకాయి కన్నా తేలికైన కారణం ఆయనకు దొరకదు. అందుకని కట్టండి. నగదు వద్దు, బ్యాంకులో వేయండి. "షెడ్డు తీసేసినందుకు అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను" అని అదే రోజు మెసేజి పెట్టండి.

సెక్షన్ 108 సంగతులన్నీ అగ్రిమెంటులో వేరే రాసుకోకపోతేనే వర్తిస్తాయి.

ఇంకా పీకలేదు, పీకుతానని బెదిరిస్తున్నాడంటే లాయరు దగ్గరకు ఇవాళే వెళ్లండి. జరగబోయేదాన్ని ఆపించడం కన్నా పీకినదాన్ని మళ్లీ పెట్టించడం కష్టం. రెండింటికీ దారి 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోనే ఉంది, సెక్షన్లు 38, 39. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం దొరుకుతుంది.

నన్నడిగితే షెడ్డు కోసం పట్టుబట్టను, అద్దె తగ్గించమంటాను. మన ఉప్పుగాలికి కొత్త రేకులైనా ఎన్నాళ్లుంటాయి? ఒప్పుకుంటే ఎంత తగ్గించారో, ఏ నెల నుంచో కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి.

అభ్యాసం: మీ ఇంటి బయట మీరు వాడుకునేవన్నీ రాయండి: నీళ్ల కుళాయి, అరుగు, మెట్లు, జామచెట్టు కూడా. ఒక్కోదాని ఎదురుగా, అది అద్దెలో భాగమని చూపే రుజువు రాయండి. రుజువు లేనివాటి గురించి ఓనరు ఒప్పుకునేలా ఒక మర్యాదైన మెసేజి పంపి, ఆయన జవాబు దాచండి. తర్వాత పాత ఉత్తరం మళ్లీ రాయండి, పది వాక్యాలు మించకుండా, "అద్దె కట్టను" అన్న మాట లేకుండా.