తుపాకీ సంరక్షణ, 4వ పాఠం: బ్యారెల్‌ను ఎప్పుడు, ఎంతవరకు శుభ్రం చేయాలి?

గత పాఠంలో రైఫిల్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవడం, తూటాలను వేరే గదిలో పెట్టి తాళం వేయడం, బోల్ట్‌ను, అంటే బ్యారెల్ వెనుక భాగాన్ని మూసి ఉంచే కదిలే ఇనుప కడ్డీని, బయటికి తీయడం నేర్చుకున్నాం. ఆ మూడూ పూర్తి కాకుండా ఈ పాఠంలోని ఏ పనీ మొదలుపెట్టకూడదు.

హైదరాబాద్‌లో చాలా కుటుంబాల్లో తాతల నాటి .315 వేట రైఫిళ్లు లైసెన్సుతో ఇప్పటికీ ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట ఆగిపోయింది కాబట్టి, అవి ఏడాదిలో ఎక్కువ కాలం బీరువాలోనే ఉండి, ఎప్పుడో ఒకసారి రేంజిలో కొద్దిపాటి తూటాలు పేలుస్తాయి. వీటి యజమానులలో కొందరు దసరాకు ఆయుధపూజ నాడు తప్ప బ్యారెల్‌లోకి తొంగిచూడరు. మరికొందరు తుపాకీ పేల్చినా పేల్చకపోయినా వారం వారం బ్రష్‌తో రుద్దుతారు. మొదటివారి బ్యారెల్ తుప్పుతో పాడవుతుంది, రెండవవారి బ్యారెల్ రాపిడితో పాడవుతుంది. ఎన్ని రోజులకొకసారి అన్న లెక్కతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. బ్యారెల్‌లో పేరుకున్నది ఏమిటో తెలిస్తేనే ఎప్పుడు తీయాలో, ఎంతవరకు తీయాలో తేలుతుంది.

పేరుకునేవి ప్రధానంగా మూడు: ఉప్పు, మసి, రాగి. వీటిలో ఒక్క పూట కూడా ఆగనిది ఉప్పు. పాతకాలపు తూటాల ప్రైమర్లలో, అంటే దెబ్బ తగలగానే మండి తూటామందును అంటించే చిన్న టోపీలలో, పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది మండిన తరువాత పొటాషియం క్లోరైడ్ అనే లవణంగా మారి బ్యారెల్ లోపలి గోడలకు అంటుకుంటుంది. గాలిలో తేమ సుమారు 85 శాతం దాటితే ఈ లవణం నీటిని తనలోకి లాక్కుని, వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలోని ఉప్పులా చెమ్మగిల్లి కరుగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో మన నగరంలో ఉదయంపూట అంతటి తేమ అరుదేమీ కాదు. అందువల్ల ఏప్రిల్‌లో పేల్చి అలాగే పెట్టిన బ్యారెల్ మే నెల ఎండలో నిక్షేపంగా కనిపించి, తొలకరి తరువాత గుంటలు పడి బయటపడుతుంది. ఆ గుంటలను ఏ ద్రావకమూ పూడ్చలేదు.

లవణం నూనెలో కరగదు. మసిని, రాగిని తీసే ద్రావకాలలో చాలావాటికి కూడా లొంగదు. దానికి విరుగుడు నీరే. వంద మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 34 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరిగితే, మరిగే నీటిలో సుమారు 56 గ్రాములు కరుగుతుంది. కనుక సన్నని గొట్టం తగిలించిన గరాటుతో ఛాంబర్ (బ్యారెల్ వెనుక చివర తూటా కూర్చునే గది) వైపు నుంచి మరుగునీటిని, చెక్క భాగాల మీద పడకుండా, మూతి గుండా బయటికి పోయేలా పోయాలి. లోహం వేడెక్కడం వల్ల లోపలి తడి చాలావరకు తానే ఆరిపోతుంది. మిగిలిన తేమను పొడి గుడ్డముక్కలతో తీసి, మామూలు శుభ్రత కొనసాగించి, చివర పల్చగా నూనె పట్టించాలి. బోల్ట్ ముఖాన్ని కూడా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఆధునిక ప్రైమర్లకు ఈ స్నానం అవసరం లేదు. అయితే మీ తూటాలు ఏ కాలానివో, ఏ ప్రైమరువో రూఢిగా తెలియనప్పుడు అవి ఉప్పు మిగిల్చేవేనని భావించి పేల్చిన రోజే కడగడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

రెండవది మసి. తూటామందు కాలగా మిగిలిన ఈ కర్బనం తాజాగా ఉన్నప్పుడు మెత్తగా వస్తుంది. వేడికి, ఒత్తిడికి పొరమీద పొర గట్టిపడితే ఛాంబర్ ముందు భాగంలో రాయిలా బిగుస్తుంది. కాబట్టి రేంజి నుంచి వచ్చిన రోజే, పేల్చింది అయిదు తూటాలైనా సరే, మసి తీయడం అలవాటు చేసుకోండి. ద్రావకంలో తడిపిన ఒకటి రెండు గుడ్డముక్కలు నడిపించి, ద్రావకం సీసా మీద రాసినంత సేపు ఆగి, కొన్నిసార్లు కంచు బ్రష్‌తో తోసి, పొడి గుడ్డలతో తుడిస్తే ఈ కొద్దిపాటి వాడకానికి సరిపోతుంది.

మూడవది రాగి. ఎక్కువ వాదోపవాదాలు దీని మీదే. నేటి తూటాల తొడుగు సాధారణంగా రాగిలో కొద్దిగా జింకు కలిపిన లోహం. అది బ్యారెల్ లోపల తూటాను తిప్పే మెలికల గాడుల మీదుగా దూసుకుపోయేటప్పుడు సన్నని పూత వదులుతుంది. బ్యారెల్ గోడలోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లను ఈ పూత కొంత సమం చేస్తుంది కాబట్టి, పూర్తిగా రాగి తీసేసిన రైఫిల్ మొదటి ఒకటి రెండు తూటాలను తన అలవాటు చోటికి కాక కాస్త పక్కకు కొట్టడం తరచుగా కనిపిస్తుంది. అందుచేత ప్రతిసారీ రాగిని పూర్తిగా తొలగించమని నేను చెప్పను. మూతి దగ్గర గాడుల మధ్య రాగి చారలు స్పష్టంగా మెరుస్తున్నప్పుడు, లేదా అదే తూటాతో, అదే దూరంలో, అదే చేతితో గ్రూపు (లక్ష్యం మీద పడిన రంధ్రాల గుంపు) క్రమంగా విచ్చుకుంటున్నప్పుడు తీయండి. అమోనియా ఉన్న ద్రావకం రాగిని తాకితే గుడ్డముక్క నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది. కంచు బ్రష్, శుభ్రం చేసే రాడ్ చివర గుడ్డముక్కను పట్టే ఇత్తడి మొన కూడా అదే రంగునిస్తాయి కనుక ఈ దశలో నైలాన్ బ్రష్ వాడకపోతే లేని రాగిని వెతుకుతూ గంటలు గడిచిపోతాయి. ఆ ద్రావకాన్ని రాత్రంతా లోపల వదిలేయకూడదు. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని, దీపాలకూ పొయ్యికీ దూరంగా ఈ పని చేయాలి.

ఇక రాడ్ పట్టే తీరు. శుభ్రత వల్ల కలిగే నష్టమంతా దాదాపు ఇక్కడే కలుగుతుంది. బోల్ట్ తీయగలిగిన రైఫిల్‌లో రాడ్ ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే వెళ్లాలి. తూటా బ్యారెల్‌ను విడిచిపెట్టే చివరి అంచు మూతి. ఆ అంచు ఒకవైపు అరిగితే, తూటా వెనుక వాయువు సమంగా వెలువడక గురి చెడుతుంది. ఛాంబర్‌లో గైడ్ (రాడ్‌ను మధ్యలో నిలిపే గొట్టం) అమర్చి, ఒకే ముక్కగా ఉన్న రాడ్‌ను దాని గుండా నిటారుగా తోయండి. మరలతో అతికించే అల్యూమినియం ముక్కల రాడ్ వంగి గోడలకు రాసుకుంటుంది, పైగా మెత్తని లోహంలో ఇసుక రేణువులు దిగబడి ఆకురాయిలా పనిచేస్తాయి. ఎటువంటి రాడ్‌నైనా ప్రతి తోపు తరువాత తుడవాలి. బ్రష్‌ను మధ్యలో వెనక్కి లాగకుండా మూతి బయటికి పూర్తిగా వచ్చాకే దిశ మార్చాలి. గుడ్డముక్కను మూతి దగ్గర తీసేసి రాడ్‌ను ఖాళీగా వెనక్కి తీస్తే, బయటికి తోసిన మురికి మళ్లీ లోపలికి రాదు. పాత రైఫిళ్లతో వచ్చే పుల్‌త్రూ తాడు (గుడ్డముక్కను కట్టి బ్యారెల్ గుండా లాగేది) ప్రయాణంలో పనికివస్తుంది కానీ, మూతి అంచుకు తాడు ఒరుసుకోకుండా నేరుగా లాగాలి.

ఎప్పుడు ఆపాలి? గుడ్డముక్క మల్లెపువ్వంత తెల్లగా వచ్చేదాకా రుద్దడం అనవసరం. వరుసగా రెండు గుడ్డలు లేత బూడిద రంగులో ఒకేలా వస్తే మసి పని అయిపోయినట్టే. నూనె గుడ్డ ఒకటి చాలు. మళ్లీ పేల్చే ముందు మాత్రం ఆ నూనెను పొడి గుడ్డతో తప్పక తీసి, బ్యారెల్ గుండా వెలుతురు చూసి అడ్డేమీ లేదని నిర్ధారించుకోవాలి.

.22 రైఫిల్ వాడేవారికి లెక్క వేరు. దాని సీసపు తూటాకు మైనపు పూత ఉంటుంది, ఒత్తిడీ తక్కువే. ఛాంబర్‌ను తరచుగా తుడుస్తూ, బ్యారెల్‌ను గురి చెడినప్పుడే శుభ్రం చేసినా నష్టం లేదు.

ఎన్నికల సమయంలో తుపాకీని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గరో డిపాజిట్ చేయవలసి వచ్చినప్పుడు, అది అక్కడ ఎన్ని వారాలు ఉంటుందో, ఎంత తేమలో ఉంటుందో మన చేతిలో ఉండదు. అప్పగించే ముందురోజు మసి తీసి, మామూలుకన్నా కాస్త చిక్కగా నూనె పట్టించండి. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక దానిలో పెట్టి ఇవ్వకండి. తిరిగి తెచ్చిన రోజే పొడి గుడ్డ ఒకటి నడిపించి చూడండి. గోధుమరంగు మరక కనిపిస్తే వెంటనే నూనె తడిపిన గుడ్డతో తుడవండి. తుడిచినా మరక మళ్లీ మళ్లీ వస్తుంటే పేల్చకుండా ఆర్మరర్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి.

అభ్యాసం: ఒక చిన్న పుస్తకంలో తేదీ, పేల్చిన తూటాల సంఖ్య, తూటా రకం, గ్రూపు కొలత, గుడ్డముక్క రంగు రాయడం ఈసారి రేంజికి వెళ్లిన రోజు నుంచే మొదలుపెట్టండి. శుభ్రం చేసిన బ్యారెల్‌తో కొట్టిన మొదటి తూటా ఎక్కడ పడిందో వేరుగా గుర్తించండి. 5వ పాఠంలో ఆ పుటలనే ముందు పెట్టుకుని, మీ రైఫిల్‌కు తగిన విరామాన్ని ఎలా నిర్ణయించాలో చూద్దాం.