కోడింగ్ రాకపోయినా లిబ్రేఆఫీస్ టెస్టింగ్: తెలుగు టైప్ చేసేవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి

వర్డ్, ఎక్సెల్ చేసే లాంటి పనులకి ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్. దాని కొత్త వెర్షన్ ఏటా రెండుసార్లు వస్తుంది, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. 2024 నుంచి నంబర్ కూడా సంవత్సరం, నెల చూసే పెడుతున్నారు, అంటే 25.2 అన్నది 2025 ఫిబ్రవరిది, 25.8 అన్నది 2025 ఆగస్టుది. ప్రతి విడుదలకి కొన్ని వారాల ముందు బీటా, అంటే పరీక్షించడానికి ఇచ్చే వెర్షన్, బయటపెడతారు, ఎవరైనా వాడి చూసి తప్పులుంటే చెప్పొచ్చు. ఇంగ్లీష్ ఫైళ్ళతో వాడి చూసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. 'రాష్ట్రం'లో వత్తు పక్కకి జరిగిందని చెప్పడానికి మాత్రం తెలుగు చదివేవాళ్ళే కావాలి. ఆ తప్పు కళ్ళ ముందున్నా తెలుగు రాని డెవలపర్ పట్టుకోలేడు, మీకు ఒక్క చూపు చాలు. ఆఫీసు లెటర్లో, ప్రశ్నపత్రాలో, కథలో, ఏదో ఒకటి రోజూ తెలుగులో కొట్టే అలవాటుంటే మీకు కావలసిన అర్హత ఉన్నట్టే.

ఇదంత చిన్న విషయమేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' లాంటి ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి, దాన్ని సరిచేయడానికి ఆపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.  లిబ్రేఆఫీస్‌లో అలాంటి తప్పుల్ని బయటివాళ్ళు ముందే చూసి చెప్పే దారి పూర్తిగా తెరిచే ఉంది.

ముందు ఇన్‌స్టాల్ సంగతి. బీటాలు, ఏ రోజుకారోజు తయారయ్యే డైలీ బిల్డ్‌లు 'లిబ్రేఆఫీస్‌డెవ్' అనే పేరుతో విడిగా ఇన్‌స్టాల్ అవుతాయి, మీరు వాడుకునే మామూలు వెర్షన్ జోలికి రావు. రిలీజ్ క్యాండిడేట్, అంటే విడుదలకి దాదాపు సిద్ధమైన వెర్షన్, అలా కాదు, అది పాత వెర్షన్ స్థానంలోకే వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ఆఫీసు పని నడిచే కంప్యూటర్‌లో దాన్ని వేయకండి. ఏది వేసినా అసలు ఫైళ్ళు కాకుండా కాపీలే తెరవండి.

తర్వాత సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్ (తెలుగు లాంటి లిపుల కోసం ఉన్న విభాగం) కింద తెలుగు ఎంచుకోండి. ఇది తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన విషయం: ఈ ప్రోగ్రామ్ ఇంగ్లీష్‌కి ఒక ఫాంట్, సైజు, తెలుగుకి ఇంకో ఫాంట్, సైజు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. వర్డ్ ఫైల్ తెరిచినప్పుడు తెలుగు మాత్రమే చిన్నదైపోయిందంటే అది బగ్, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పు, కావచ్చు, ఫైల్‌లోనే తెలుగు సైజు వేరేగా ఉండి ఉండొచ్చు కూడా. క్యారెక్టర్ డైలాగ్‌లో రెండూ చూసి అప్పుడు నిర్ణయానికి రండి. అలాగే అను ఫాంట్లతో డీటీపీ సెంటర్‌లో కొట్టించిన పాత ఫైల్ తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అది యూనికోడ్ (ఏ ఫాంట్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ మీ దగ్గర లేదు, అంతే. దానికి రిపోర్ట్ పెట్టొద్దు.

ఇక ఏం పరీక్షించాలి? మీరు రోజూ చేసే పనే చేయండి, కాస్త నిదానంగా చూస్తూ. 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటలున్న పేరా రాసి బోల్డ్ చేయండి, అక్షరాల మధ్య దూరం పెంచండి, వత్తులు చెదురుతాయేమో చూడండి. కర్సర్‌ని యారో కీతో ఒక్కో అక్షరం జరపండి, వత్తు మధ్యలో ఇరుక్కుంటుందా? లైన్ చివర మాట విరిగినప్పుడు గుణింతం గుర్తు ఒక్కటే కింది లైన్లోకి దిగిందా? పీడీఎఫ్ చేసి, అందులోంచి తెలుగు కాపీ చేసి మళ్ళీ రైటర్‌లో (లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటిది) పేస్ట్ చేయండి, అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడ చూడమంటాను, ఎందుకంటే చూడ్డానికి బాగున్న పీడీఎఫ్‌లో వెతికితే మాట దొరక్కపోవడం మనందరికీ తెలిసిన బాధే. 'సాఫ్ట్‌వేర్'లో పొల్లుని విడిగా నిలబెట్టే కనిపించని అక్షరం ఒకటుంటుంది, అది ఉన్న మాటని, లేని మాటని ఫైండ్‌లో వెతికి చూడండి. క్యాల్క్‌లో (ఎక్సెల్ లాంటిది) తెలుగు పేర్ల జాబితా పెట్టి అక్షర క్రమంలో సర్దమనండి.

తేడా కనిపించిందా? వెంటనే రాసేయకండి. హెల్ప్ మెనూ నుంచి సేఫ్ మోడ్‌లో మళ్ళీ తెరిచి చూడండి, అక్కడ పోతే తప్పు మీ సెట్టింగ్స్‌దో, విడిగా తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్‌దో అయ్యుంటుంది. ఫాంట్ మార్చి చూడండి. మండలి ఫాంట్‌తో వచ్చి నోటో శాన్స్ తెలుగు ఫాంట్‌తో రాకపోతే అనుమానం ఫాంట్ మీదికి పోతుంది, ఆ మాట రిపోర్ట్‌లో ఉంటే డెవలపర్‌కి ఎంతో సమయం మిగులుతుంది. పాత వెర్షన్లన్నీ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, ఒకటి దించుకుని అందులో సరిగ్గా ఉందేమో చూడండి. 'ఫలానా వెర్షన్‌లో బాగుంది, ఫలానా దాంట్లో చెడింది' అని చెప్పగలిగితే దాన్ని రిగ్రెషన్ అంటారు, కారణమైన మార్పుని వెతికి పట్టుకోవడం చాలా సులువవుతుంది.

రిపోర్ట్ పెట్టేది, లిబ్రేఆఫీస్ వెనకున్న సంస్థ డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్జిల్లా అనే బగ్‌లు నమోదుచేసే సైట్‌లో. ఇంగ్లీష్‌లో రాయాలి, కానీ గొప్ప ఇంగ్లీష్ అక్కర్లేదు. 'తెలుగు సరిగ్గా రావట్లేదు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కొత్త ఫైల్ తెరిచాను, ఫలానా ఫాంట్ పెట్టాను, ఈ మాట పేస్ట్ చేశాను, బోల్డ్ నొక్కాను, ఇలా కావాలి, అలా వచ్చింది అని వరుసగా చెప్పండి, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా అవే మెట్లు ఎక్కి అదే తప్పు చూడగలగాలి. రెండు స్క్రీన్‌షాట్లు తప్పనిసరి, సరైనది ఒకటి, తప్పుది ఒకటి, తేడా ఉన్నచోట ఎర్ర గీత. ఎబౌట్ బాక్స్‌లో వెర్షన్ వివరాలు కాపీ చేసే బటన్ ఉంటుంది, అదంతా యథాతథంగా అతికించండి. ఒక రిపోర్ట్‌లో ఒకటే బగ్. జతచేసే ఫైల్ ప్రపంచంలో ఎవరైనా తెరవొచ్చు, కాబట్టి ఆధార్ నంబర్లు, జీతాల పట్టికలు ఉన్న అసలు ఫైల్ పొరపాటున కూడా పెట్టకండి, రెండు లైన్లతో కొత్తది తయారుచేయండి.

నన్నడిగితే మొదటి వారం కొత్త బగ్‌ల కోసం వెతకనే వద్దు. ఇంకెవరో పెట్టినవి 'అన్‌కన్‌ఫర్మ్‌డ్' అనే స్థితిలో పడి ఉంటాయి, వాటిలో చిన్నది ఒకటి తీసుకుని చెప్పిన మెట్లు మీ దగ్గర చేసి చూడండి. అదే తప్పు వస్తే మీ వెర్షన్ వివరాలతో ఆ మాట రాసి స్థితిని 'న్యూ'కి మార్చండి, రాకపోతే రాలేదని రాయండి, అది కూడా పనికొచ్చే సమాచారమే. మంచి రిపోర్ట్ ఎలా ఉంటుందో, చెడ్డది ఎందుకు ముందుకు కదలదో దీంతో తెలిసిపోతుంది. తెలుగు, ఇండిక్ అని వెతికితే మన భాషల బగ్‌లు కూడా బయటపడతాయి, కన్నడవాళ్ళు పెట్టిన దాన్ని తెలుగులో పరీక్షించి చెప్పినా ఎంతో మేలు.

పెట్టాక ఈమెయిల్ చూస్తూ ఉండండి. 'నీడ్‌ఇన్ఫో' అని మారిందంటే మిమ్మల్ని ఏదో అడిగారని అర్థం, నెలల తరబడి జవాబివ్వకపోతే మూసేస్తారు. 'డూప్లికేట్' అంటే ముందే ఎవరో చెప్పారని, చిన్నబుచ్చుకోకండి. కొన్ని బగ్‌లు ఏళ్ళు పడతాయి. 'ఫిక్స్‌డ్' అని వచ్చిన రోజున మాత్రం ఆలస్యం చేయకండి, తర్వాతి డైలీ బిల్డ్ దించుకుని అదే ఫైల్ తెరిచి, నిజంగా బాగైందని మీ కళ్ళతో చూశాక 'వెరిఫైడ్' అని మార్చండి.