బిడ్డతో ఒక ఏడాది విదేశంలో: నాలుగో పాఠం – టీకాల లెక్క

గత పాఠం చివర మిమ్మల్ని ఒక పట్టిక రాయమన్నాను. బయలుదేరే తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తూ, ఏ నెలలో ఏ పని ముగియాలో అందులో చూపించాలి. చాలామంది శ్రద్ధగా రాసి పంపారు. వాటిని చదివాక, ఈసారి చెప్పదలచుకున్న ఇంటి అద్దె, సామాను సంగతులను వచ్చే పాఠానికి వాయిదా వేశాను. దాదాపు అన్ని పట్టికల్లోనూ మొదటి గడిలో విమానం టికెట్టు, రెండో గడిలో వీసా, ఆ తరువాత సెలవు మంజూరు, బ్యాంకు పనులు ఉన్నాయి. బిడ్డకు ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించినవారు కొద్దిమందే. వారు కూడా ఆ వరుసలో ‘టీకాలన్నీ పూర్తయ్యాయి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ఈ పాఠమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

మొదటి పాఠం నుంచి మనం అనుసరిస్తున్న ఉదాహరణనే కొనసాగిద్దాం. వరంగల్లులో పనిచేసే ఒక అధ్యాపకురాలు 2026 ఆగస్టులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న ఆన్ ఆర్బర్ నగరానికి జె-1 వీసాపై ఏడాది పరిశోధనకు వెళుతున్నారు. భర్త, కూతురు జె-2 వీసాపై వెంట వెళతారు. పాప 2021 జూన్ 20న పుట్టింది. పాస్‌పోర్టులు, వీసాకు కావలసిన డీఎస్-2019 పత్రాలు, ఇంటర్వ్యూ, డాలర్ల సంగతి పెద్దలు ఎలాగూ చూసుకుంటారు కనుక వాటి జోలికి వెళ్లను.

ముందుగా తేదీ విషయం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సబాటికల్ సెలవు (పరిశోధన కోసం ఇచ్చేది) ఒక దఫా ఏడాదికి మించదు. కార్యక్రమం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి జె-1 వీసాపై ఆ దేశంలో అడుగుపెట్టవచ్చు. ఈ రెండు హద్దుల మధ్య తేదీని నిర్ణయించవలసింది పాప బడే తప్ప టికెట్టు ధర కాదు. మిషిగన్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండిన బిడ్డ కిండర్‌గార్టెన్‌లో చేరవచ్చు. మన పాపకు జూన్‌లోనే నిండుతాయి. జె-2 బిడ్డకు ప్రభుత్వ బడిలో చదువు ఉచితమే కానీ, ఆ పరిధిలో నివసిస్తున్నట్టు అద్దె ఒప్పందం చూపాలి. బడి ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదట్లోనో తెరుస్తారు కనుక ఆగస్టు రెండో వారానికి చేరుకుంటే చాలు. మన బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. ఆ రెండు నెలల కోసం ఏడాది ఫీజు కట్టడం నాకు నచ్చదు. ఏప్రిల్‌లోనే టీసీ తీసుకుని, తిరిగి వచ్చాక సీటు ఇస్తామన్న హామీని కాగితం మీద రాయించుకుని, జూన్, జూలై నెలల్లో పాపను అమ్మమ్మ ఇంట్లో ఉంచండి. ఆ రెండు నెలలు టీకాలకు కూడా అక్కరకు వస్తాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. ‘పూర్తయ్యాయి’ అన్నది మన దేశపు పట్టిక ప్రకారం నిజమే. మీరు చేరబోయే బడి మాత్రం తన రాష్ట్రపు పట్టికతోనే సరిచూస్తుంది. ఈ రెండు పట్టికలు ఒకటి కావని చెప్పినా, ‘మా డాక్టరుగారు ఏదీ వదల్లేదు’ అనే జవాబే వస్తోంది. డాక్టరుగారు నిజంగానే ఏదీ వదల్లేదు. మన పసిపిల్లలకు తట్టు ముప్పు ఎక్కువ కనుక ఇక్కడ తొమ్మిదో నెల నిండగానే మొదటి టీకా వేస్తారు. ఆ వయసులో తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) బిడ్డ ఒంట్లో ఇంకా మిగిలి ఉండి టీకా పనికి అడ్డుపడవచ్చన్న కారణంతో, అమెరికాలో మొదటి పుట్టినరోజున గానీ ఆ తరువాత గానీ వేసిన డోసునే బడి లెక్కలోకి తీసుకుంటారు. అంటే మీ టీకాల కార్డులో తట్టుకు రెండు గళ్లు నిండి ఉన్నా వారి దృష్టిలో నిండింది ఒక్కటే.

అంతటితో అయిపోలేదు. ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది ఎంఆర్ టీకా, అంటే తట్టుకూ రుబెల్లాకూ మాత్రమే. మిషిగన్ బడి అడిగేది ఎంఎంఆర్. అందులో గవదబిళ్లల టీకా కూడా కలిసి ఉంటుంది, అది రెండు డోసులు పడి ఉండాలి. మన పాపకు 2022 మార్చిలో ఒకటి, నవంబరులో మరొకటి ఎంఆర్ పడ్డాయి. మొదటిది వయసు చాలక లెక్కకు రాదు, రెండోది తట్టు, రుబెల్లాలకు ఒక డోసుగా నిలుస్తుంది, గవదబిళ్లలకు ఒక్కటీ లేదు. అందువల్ల ఎంఎంఆర్ రెండు డోసులూ వేయించాలి. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేనే లేదు. అక్కడ అదీ రెండు డోసులు కావాలి, లేదా ఆటలమ్మ ఇదివరకే పోసిందనడానికి ఆధారం చూపాలి.

ఈ రెండూ బతికున్న సూక్ష్మజీవులను బలహీనపరిచి చేసిన టీకాలు. అలాంటి సూది టీకాలు రెండు వేయవలసి వస్తే ఒకే రోజు వేయాలి, లేకుంటే వాటి మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. ఈనాడొకటి, పది రోజులకు మరొకటి వేయిస్తే రెండోది లెక్కకు రాదు, పాపకు మళ్లీ సూది తప్పదు. ఆటలమ్మ రెండు డోసుల మధ్య ఈ వయసు పిల్లలకు మూడు నెలల ఎడం పాటిస్తారు. కనుక ఏప్రిల్‌లో ఒక రోజు రెండు టీకాలూ, జూలైలో ఒక రోజు మళ్లీ రెండూ వేయించడం నాకు ఇష్టమైన పద్ధతి. ఎంఎంఆర్ రెండోది మే నెలలోనే వేయించవచ్చు కానీ, పాపను మరోసారి ఆసుపత్రికి తిప్పడం ఎందుకు?

పోలియో దగ్గర తడబడేవారు ఇంకా ఎక్కువ. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమని ప్రకటించడానికి కారణం ఆ రెండు చుక్కలే. వాటి మీద మీకున్న నమ్మకం న్యాయమైనదే. అయితే 2016 ఏప్రిల్ 25 నుంచి మన చుక్కల మందులో రెండో రకం వైరస్‌ను తీసివేసి, ఒకటో, మూడో రకాలను మాత్రమే ఉంచారు. అమెరికా మూడు రకాలకూ రక్షణ కోరుతుంది. అందుచేత ఆ తరువాత వేసిన చుక్కలు ఎన్ని ఉన్నా, పల్స్ పోలియో ఆదివారాలు ఎన్ని గడిచినా, అక్కడి బడి లెక్కలో అవి సున్నాయే. లెక్కకు వచ్చేది సూది మందు, అంటే ఐపీవీ. కార్డులో పూర్తి మోతాదు ఐపీవీలు ఎన్ని ఉన్నాయో డాక్టరు చేత గుర్తు పెట్టించండి. ఒక్కటీ లేని నాలుగేళ్లు నిండిన బిడ్డకు మొదటి సూది, నాలుగు వారాలకు రెండోది, ఆ తరువాత ఆరు నెలలకు మూడోది పడాలి. మూడోది నాలుగేళ్లు దాటాక పడుతుంది కనుక మిషిగన్‌లో మూడు సరిపోతాయి. మొత్తం ఏడు నెలలు. ఆగస్టు రెండో వారంలో విమానం ఎక్కవలసిన పాపకు జనవరి మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. మీరు పంపిన పట్టికల్లో జనవరి గడి ఖాళీగా ఉంది. ఆలస్యమైనా నిరాశ పడనక్కరలేదు. డోసుల మధ్య గడువు నిండక మిగిలిపోతే చాలా రాష్ట్రాలు తాత్కాలికంగా చేర్చుకుంటాయి, మొదటి డోసు పడి ఉండాలంతే. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాల టీకా బూస్టరు నాలుగేళ్ల తరువాత ఒకటి ఉండాలి. మన దగ్గర అది అయిదేళ్లప్పుడు వేస్తారు కనుక జూన్‌లో తప్పక వేయించండి.

ప్రైవేటు క్లినిక్కులో పిల్లల వైద్యుల సంఘం పట్టిక ప్రకారం అన్నీ వేయించుకున్న బిడ్డకు ఎంఎంఆర్, ఆటలమ్మ, ఐపీవీ సాధారణంగా సరిపోతాయి. ఆ తల్లిదండ్రులకు ఎదురయ్యేది తేదీల చిక్కు. మనం రోజు ముందు, నెల తరువాత రాస్తాం, అక్కడ నెల ముందు చదువుతారు. మన పాప ఈడు బాబుకే 04/09/2022న, అంటే సెప్టెంబరు 4న, ఎంఎంఆర్ వేశారనుకోండి. బడి కార్యాలయంలో దాన్ని ఏప్రిల్ 9 అని చదువుతారు, అప్పటికి బిడ్డకు తొమ్మిది నెలలే. సక్రమంగా పడిన డోసు కాస్తా చెల్లకుండా పోతుంది. అందువల్ల ప్రతి తేదీలోనూ నెల పేరును అక్షరాల్లో రాయించాలి. మరొకటి, చాలా కార్డుల్లో బిడ్డ పేరు ఉండదు, తల్లి పేరుతో ‘బేబీ ఆఫ్’ అని మాత్రమే ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరుతో, పుట్టిన తేదీతో, ఒకే పేజీలో, ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రలతో డాక్టరు చేత కొత్తగా రాయించుకోండి. ఫోనులో తీసిన ఫొటోల మీద ఆధారపడవద్దు. కాగితం ప్రతులు మూడు చేసి, ఒకటి చేతిసంచిలో పెట్టుకోండి.

రెండేళ్ల బిడ్డను తీసుకువెళ్లేవారు తమకు ఈ గొడవ లేదనుకోకండి. డేకేర్‌లో కూడా టీకాల కాగితం అడుగుతారు.

క్షయ పరీక్ష ఎవరైనా అడిగితే, చర్మం మీద చేసేది కాక రక్తపరీక్ష చేయమని కోరండి. పుట్టగానే వేసిన బీసీజీ (క్షయ టీకా) వల్ల చర్మపరీక్షలో లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు.

అభ్యాసం. ఈ వారం కొంచెం ఎక్కువే అడుగుతున్నాను. కార్డు ముందు పెట్టుకుని, పడిన ప్రతి డోసుకూ ఒక వరుస రాయండి. అందులో టీకా పేరు, నెల అక్షరాల్లో రాసిన తేదీ, ఆ రోజుకు బిడ్డ వయసు నెలల్లో, అదే టీకా ముందటి డోసు నుంచి ఎడం రోజుల్లో ఉండాలి. ఎంఆర్, ఎంఎంఆర్, ఆటలమ్మల దగ్గర మరో గడి గీసి, వాటిలో దేని తరువాత ఏది ఎన్ని రోజులకు పడిందో రాయండి. లెక్కలన్నీ చేత్తో చేయండి. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా చేసి, తరువాత పోల్చి చూసుకోండి. తేడా వచ్చిన వరుస పక్కన ఎర్ర గుర్తు పెట్టండి. ఆ తరువాత మీరు వెళ్లే రాష్ట్రపు ఆరోగ్యశాఖ ప్రకటించిన బడి టీకాల పట్టిక తెచ్చి, ఏ డోసు చెల్లుతుందో, ఏది చెల్లదో, చెల్లనిదానికి కారణంతో సహా రాయండి. ఆ రెండు కాగితాలతో పిల్లల డాక్టరును కలిసి, మిగిలిన డోసులకు తేదీలు వేయించుకుని, గత వారపు పట్టికలో వాటినే మొదటి వరుసగా చేర్చి మళ్లీ పంపండి. టికెట్టు గడి అప్పటివరకు ఖాళీగానే ఉండనివ్వండి.