మేత్రాసన గురువా, ధ్యానమఠమా? ఒడిశా సరిహద్దు తెలుగు యువకులు తేల్చుకునే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు కతోలిక ఇళ్లలో దైవపిలుపు అనగానే అందరి కళ్ల ముందూ ఒకే బొమ్మ మెదులుతుంది. మోటారు సైకిల్ మీద కొండ ఊళ్లు తిరిగే విచారణ గురువు, అంటే కొన్ని ఊళ్ల గుళ్లను, విశ్వాసులను చూసుకునే ఫాదర్. బయటి సేవకు వెళ్లకుండా ప్రార్థనలోనే బతికే ధ్యానమఠం అనే దారి కూడా ఉందని కుర్రాడికి తెలిసేసరికి ప్లస్ టూ అయిపోయి, గురువులను తయారుచేసే సెమినరీకి పేరు ఇచ్చేసి ఉంటాడు. తికమక అక్కడ మొదలవుతుంది. దాన్ని ఎలా విప్పుకోవాలో ఇక్కడ రాస్తున్నాం.

తేడాని ప్రార్థన ఎక్కువ తక్కువల్లో వెతకొద్దు. మేత్రాసన గురువు (మేత్రాణులు, అంటే బిషప్, చూసుకునే ప్రాంతంలో సేవ చేసే గురువు) కూడా రోజూ గడియల ప్రార్థన (వేళల వారీగా చెప్పే కీర్తనల ప్రార్థన) చెప్పాల్సినవాడే. ఎవరికి కట్టుబడుతున్నాం అన్న దగ్గరే తేడా ఉంది. మేత్రాసన గురువు ఒక ప్రాంతానికి, అక్కడి జనానికి కట్టుబడతాడు. డీకను పట్టం (గురుపట్టానికి ముందు మెట్టు) పొందిన రోజు నుంచే ఆ మేత్రాసనం మనిషి అవుతాడు. బ్రహ్మచర్యం పాటిస్తానని, మేత్రాణులకు విధేయుడిగా ఉంటానని మాట ఇస్తాడు. పేదరికం మాటపట్టు (దేవునికి చేసే ప్రమాణం) తీసుకోడు కాబట్టి తన పేర ఆస్తి ఉండొచ్చు, కానీ నిరాడంబరంగా బతకాలి. మఠవాసి ఒక సహవాసానికి కట్టుబడతాడు. పునీత బెనెడిక్టు నియమం పాటించే మఠాల్లో స్థిరంగా అక్కడే ఉంటానని, విధేయుడినై ఉంటానని, మఠ జీవన పద్ధతిలో తనను తాను మార్చుకుంటూ ఉంటానని మాటపట్టు తీసుకుంటాడు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పూర్తిగా ధ్యాన జీవితానికే ఏర్పడ్డ మఠాల సభ్యులను, బయట పని ఎంత అత్యవసరమైనా, విచారణ సేవకు పిలవకూడదని కతోలిక సభ చట్టమైన కానన్ చట్టం 674వ సూత్రం చెబుతుంది. అంటే గజపతి జిల్లా మోహన కొండల్లో ఈస్టరుకు పూజ చెప్పే గురువు దొరకలేదని తెలిసినా మీరు మఠంలోనే ఉంటారు, అక్కడి నుంచే ఆ జనం కోసం ప్రార్థిస్తారు. ఈ మాట వినగానే మనసులో ఏం కదిలిందో ఆ రాత్రే రాసి పెట్టుకోండి. అది విలువైన ఆధారం.

మఠంలో గురుపట్టం పొందినవారూ ఉంటారు, జీవితాంతం బ్రదర్‌గానే ఉండేవారూ ఉంటారు. అందుకే ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: నాకు ఎప్పటికీ గురుపట్టం ఇవ్వకపోయినా, గిన్నెలు తోముతూ, పశువుల కొట్టం కడుగుతూ ఈ మఠంలోనే చనిపోవడానికి సిద్ధమా? రెండు: నిశ్శబ్దంగా కూర్చునే గంట ఒక్కటీ దొరకని వారాలు వరసపెట్టి వచ్చినా ఈ జనంతోనే ఉంటానా? మొదటిదానికి మనసు వెంటనే కాదు అంటే మీరు వెతుకుతున్నది గురుత్వం, మఠం దానికి ఒక అందమైన చోటు మాత్రమే. రెండోదానికి కాదు అంటే అప్పుడే మఠానికి టికెట్ కొనేయకండి. అది పిలుపూ కావచ్చు, జనం అంటే భయమూ కావచ్చు. విడదీసి చూడాలి.

మన ప్రాంతంలో ఆ భయానికి తరచుగా భాషే కారణం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. గుళ్లో ప్రసంగం ఒడియాలో, గజపతి కొండల మీదికి వెళితే సవర, కుయి. 2016లో బరంపురం నుంచి విడదీసి రాయగడను కొత్త మేత్రాసనం చేశారు. ఈ రెండిటిలో ఎక్కడ చేరినా తెలుగులో మాత్రమే సేవ చేస్తాననడం కుదరదు. ఒడియాలో తడబడతానని మఠం వైపు చూసేవాళ్లు ఉన్నారు. ఇలాంటివారు ముందు మూడు నెలలు ఆదివారం బడిలో పిల్లలకు ఒడియాలో జ్ఞానోపదేశం చెప్పి చూడాలి. భాష కుదిరాక కూడా మఠం మీద ఆశ అలాగే ఉంటే దానికి బరువుంది. భాష వచ్చాక ఆశ చల్లారితే సమస్య ఒడియాది అని తేలిపోయింది. తెలుగులోనే సేవ చేయాలని నిజంగా ఉంటే శ్రీకాకుళం మేత్రాసనం పక్కనే ఉంది, అక్కడి వొకేషన్ డైరెక్టర్‌తో (చేరాలనుకునేవారిని చూసుకునే గురువుతో) మాట్లాడటం తప్పేమీ కాదు. అయితే అది వేరే ప్రశ్న, మఠం ప్రశ్నతో కలపొద్దు.

మొదటి ఆరు నెలలు ఇంట్లోనే

ఎక్కడికీ వెళ్లక ముందు రోజుకు అరగంట మౌన ప్రార్థన, వీలైనంత తరచుగా దివ్యపూజ, నెలకోసారి పాపసంకీర్తనం అలవాటు చేసుకోండి. ఒక ఆధ్యాత్మిక మార్గదర్శిని ఎంచుకుని నెలకోసారి కలవండి. ఆయన మిమ్మల్ని చేర్చుకునే వొకేషన్ డైరెక్టర్ కాకుండా చూసుకోండి. ఒకవైపు చేర్చుకోవాల్సిన బాధ్యత ఉన్నవారి దగ్గర మనసు పూర్తిగా విప్పడం కష్టం. సెమినరీలోనూ ఈ గీత గట్టిగా ఉంటుంది. విద్యార్థికి పట్టం ఇవ్వాలా, పంపేయాలా అన్న నిర్ణయంలో అతని ఆధ్యాత్మిక మార్గదర్శి అభిప్రాయం అడగకూడదని 240వ సూత్రం.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు రెండే పంక్తులు. ప్రార్థనలో ఏం జరిగింది, మనుషులతో ఏం జరిగింది. పక్కనే, ఆ సంగతి జరిగిన రెండు మూడు గంటల తర్వాత మనసులో మిగిలిందేమిటో ఒక్క మాట: శాంతి, విసుగు, గర్వం, ఆరాటం, ఇలా. ఆ క్షణంలో కలిగిన ఉప్పొంగుకి పెద్ద విలువ ఇవ్వొద్దు. వొకేషన్ క్యాంపులో పాట పాడుతుంటే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. నాలుగు రోజుల తర్వాత కూడా నిలిచినదాన్ని లెక్కలోకి తీసుకోండి. మనసు ఎండిపోయి, చీకటిగా ఉన్న రోజుల్లో పాత నిర్ణయాన్ని మార్చొద్దని పునీత ఇగ్నేషియస్ చెప్పిన నియమం ఇక్కడ అక్షరాలా పాటించాలి. సెమినరీలో ఎవరో తిట్టిన వారంలోనే మఠం గుర్తుకు రావడం మామూలే.

రెండు చోట్లా ఉండి చూడటం

విచారణలో రెండు మూడు వారాలు ఉండండి, పండగప్పుడు కాదు. వానాకాలం మంచిది. బురద దారిలో ఊరికి చేరేసరికి పూజ సామాను సంచీ తడిసి ఉంటుంది. గుళ్లో పదిమందే ఉంటారు. పూజ అయ్యాక పొలం గట్టు తగాదా ఒకటి, మంచం పట్టిన ముసలమ్మకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడం ఒకటి. రాత్రి తొమ్మిదింటికి తిరిగొచ్చి చల్లారిన అన్నం ఒంటరిగా తిని, నిద్ర ఆపుకుంటూ గడియల ప్రార్థన పూర్తి చేయాలి. ఆ అలసటలో ప్రార్థనకు కూర్చుంటే మీకు ఎవరి పేర్లు గుర్తొస్తున్నాయో గమనించండి. ఆ ముసలమ్మ, గట్టు తగాదా అన్నదమ్ములు ప్రార్థనలోకి వాళ్లంతట వాళ్లే వస్తుంటే అది మేత్రాసన గురుత్వం వైపు మంచి గుర్తు. వాళ్లు ప్రార్థనకు అడ్డొస్తున్నారనిపిస్తే అదీ రాసుకోండి.

మఠంలో కనీసం పది రోజులు ఉండాలి. బరంపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెంగళూరు. మైసూరు రోడ్డు వైపు ఆశీర్వనం బెనెడిక్టైన్ మఠం ఉంది. తమిళనాడులో కావేరి ఒడ్డున 1950లో మొదలైన శాంతివనం కమల్డొలీస్ బెనెడిక్టైన్లది. కేరళలో వాగమన్ దగ్గర 1958లో మొదలైన కురిసుమల ఆశ్రమం సిస్టెర్సియన్లది, అక్కడి ఆరాధన సిరో మలంకర రీతిలో (కేరళలోని ఒక తూర్పు కతోలిక ఆరాధన పద్ధతిలో) జరుగుతుంది. మనలా లాటిన్ రీతిలో జ్ఞానస్నానం పొందినవారు అక్కడ చేరాలనుకుంటే రీతి విషయంలో అనుమతులేమిటో మొదటి ఉత్తరంలోనే అడగాలి.

మఠంలో మొదటి మూడు రోజులు లెక్కపెట్టకండి, ఆ శాంతి సగం బడలిక తీరినందుకే. నాలుగో రోజు నుంచి చూడండి. తెల్లవారుజామున లేవడం, అవే కీర్తనలు నెమ్మదిగా, తోటలోనో పశువుల దగ్గరో పని, మళ్లీ కీర్తనలు. మీ పక్కన నిలబడే బ్రదర్ రాగం తప్పి పాడతాడు. రేపూ అలాగే పాడతాడు, ముప్పై ఏళ్లూ అలాగే పాడతాడు. ఆయన పక్కన నిలబడటం మీ ప్రార్థనలో భాగమవుతోందా, ఆయన్ను తప్పించుకుని గదిలో ఒంటరిగా ప్రార్థిస్తే బాగుండనిపిస్తోందా? మఠం నుంచి వెనక్కి వచ్చేసేవారిలో చాలామందికి సరిపడనిది మౌనం కాదు, సహవాసం. కొత్తగా వచ్చినవాడు నిజంగా దేవుణ్ణి వెతుకుతున్నాడా అని చూడమని, సులభంగా చేర్చుకోవద్దని పునీత బెనెడిక్టు నియమం 58వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి మీ ఉత్తరానికి వెంటనే రమ్మని జవాబు రాకపోతే నొచ్చుకోకండి.

కాలం, కాగితాలు

మేత్రాసన దారిలో ఒకటి నుంచి రెండేళ్లు సన్నాహక దశ, రెండేళ్లు తత్వశాస్త్రం, నాలుగేళ్లు దైవశాస్త్రం. మధ్యలో సేవా కాలం కలిస్తే ఇంకా పెరుగుతుంది. డీకను పట్టానికి 23, గురుపట్టానికి 25 ఏళ్లు నిండాలి. మఠంలో నోవిషియేట్‌కు (మాటపట్టుకు ముందు శిక్షణ కాలానికి) 17 నిండాలి, అది కనీసం పన్నెండు నెలలు, రెండేళ్లు దాటకూడదు. ఆ పన్నెండు నెలల్లో పదిహేను రోజులకు మించి బయట ఉంటే ఆ రోజులు మళ్లీ పూర్తి చేయాలి, మూడు నెలలు దాటితే నోవిషియేటే చెల్లదు. అక్క పెళ్లి, అన్న గృహప్రవేశం లెక్కలు ముందే ఇంట్లో చెప్పేయండి. తాత్కాలిక మాటపట్టు మూడు నుంచి ఆరేళ్లు, అవసరమైతే తొమ్మిది వరకు. శాశ్వత మాటపట్టుకు 21 నిండాలి. రెండు దారుల్లోనూ తిరుగులేని అడుగు చాలా ఏళ్ల తర్వాతే పడుతుంది.

జ్ఞానస్నాన, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) పత్రాలు కొత్తగా తీయించండి. మీ కుటుంబం పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినదైతే రిజిస్టరు ఆంధ్రాలో ఉండొచ్చు. అందులో ఇంటిపేరు ముందు, ఒడిశా బడి సర్టిఫికెట్‌లో చివర, ఆధార్‌లో ఇంకోలా ఉండొచ్చు. పేర్లు కలవక నెలలు పోతాయి, ముందే సరిచేయించుకోండి. ఇంతకు ముందు ఏ సెమినరీలోనైనా, సన్యాస సభలోనైనా ఉండి వచ్చి ఉంటే అక్కడి రెక్టరు లేదా పెద్దల లేఖ తప్పనిసరి. దాస్తే తర్వాత బయటపడుతుంది, నమ్మకం పోతుంది. తీర్చలేని అప్పు ఉన్నవారిని నోవిషియేట్‌లో చేర్చుకోకూడదని 644వ సూత్రం. చదువు కోసం తీసిన లోను మీ పేర ఉంటే దాని సంగతి తేల్చాకే అడుగు వేయండి. తల్లిదండ్రులకు మీరొక్కరే ఆధారమైతే అదీ మార్గదర్శి ముందు పెట్టాల్సిన విషయమే.

ఒకేసారి రెండు చోట్లా దరఖాస్తు పెట్టొద్దు. ఎవరు ముందు పిలిస్తే అదే దేవుని చిత్తం అనుకునే ప్రమాదం ఉంది. నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, మార్గదర్శితో మాట్లాడి, ఒకటి ఎంచుకుని, నెల రోజులు ఆ నిర్ణయాన్ని ప్రార్థనలో పెట్టి, అప్పుడు ఆ ఒక్క తలుపు తట్టండి. తర్వాత మార్చుకునే వీలు లేకపోలేదు. పునీత ఛార్లెస్ దె ఫుకో 1890లో ట్రాపిస్టు మఠంలో చేరి, 1897లో బయటికి వచ్చి, 1901లో వివియేర్ మేత్రాసనానికి గురువయ్యాడు. మేత్రాసన గురువు మఠంలో చేరాలంటే మఠం పెద్దలు ఆయన మేత్రాణులను సంప్రదించాలి. మఠవాసి గురువు మేత్రాసనానికి మారాలంటే చేర్చుకోవడానికి ఒప్పుకునే మేత్రాణులు ముందు దొరకాలి. రెండోది ఎక్కువ కాలం పడుతుంది.

మఠానికి రాసే మొదటి ఉత్తరం అర పేజీ చాలు. పేరు, వయసు, చదువు, విచారణ, ఇంతకు ముందు ఎక్కడైనా చేరి ఉంటే ఆ సంగతి, మార్గదర్శి ఎవరు, ఏ తేదీల్లో పది రోజులు రాగలరు. విచారణ గురువు లేఖ జతచేయండి. చేరతానని రాయకండి, ఉండి చూస్తానని రాయండి.