తీర్పు కాపీలో జైలు శిక్ష ఎన్నేళ్లో లెక్కేసుకోవడం ఎలా

పోయిన వారం కావలి కోర్టు బయట టీ బంకు దగ్గర ఒకాయన తీర్పు కాపీ చివరి పేజీ మీద వేలు పెట్టి "మూడు, రెండు, ఒకటి... ఆరేళ్లు ఎట్టా ఉంటాడు సామీ మావోడు" అని తల పట్టుకున్నాడు. కిందే ఇంకో లైనుంది, అది చదవలేదు. శిక్షలన్నీ ఏకకాలంలో అని. అంటే పెద్దదే లెక్క, మూడేళ్లు.

కాబట్టి కూడిక మొదలుపెట్టకముందు ఆ లైను వెతకండి. తీర్పు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది గనక 'కాంకరెంట్‌లీ' అని ఉంటే అన్నీ కలిసి నడుస్తాయి, 'కాన్సిక్యూటివ్‌లీ' అని ఉంటే ఒకటి అయ్యాక ఇంకోటి. ఏమీ లేకపోతే? పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) సెక్షన్ 31 కింద నడిచిన కేసైతే ఒకదాని తర్వాత ఒకటే, అక్కడే చాలామంది దెబ్బ తింటారు. దాని బదులు 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 25 ప్రకారం మాత్రం నేరం తీవ్రత చూసి జడ్జిగారే ఏదో ఒకటి చెప్పాలి.

తర్వాత అదే కేసులో రిమాండ్‌లో ఉన్న రోజులు తీసేయండి. జరిమానా కట్టకపోతే పడే మూడు నెలలో ఆరు నెలలో మాత్రం దేంతోనూ కలవదు, విడిగా ఉండాల్సిందే. ఐదు వేలకు వెనకాడి మూడు నెలలు చెముడుగుంట జైల్లో కూర్చోవడం ఏం లెక్కో నాకర్థం కాదు.

అసలు తిప్పలు వేర్వేరు కేసులుంటే. మన వైపు రొయ్యల గుంటలకు మేత అరువు తెచ్చి నాలుగు చెక్కులిస్తే, అవి బౌన్సై నాలుగు కేసులు అవుతాయి, ఒక్కోదానికీ రెండేళ్ల దాకా పడొచ్చు. ఒక కేసులో శిక్ష అనుభవిస్తున్నప్పుడు ఇంకోటి పడితే, మొదటిది అయ్యాకే రెండోది మొదలు, కోర్టు రెండూ కలిపి నడపమంటే తప్ప (పాత సీఆర్‌పీసీ 427, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 467). ఒకే వ్యాపారి, ఒకే బాకీ అని కాగితాలతో చూపిస్తే కలిపే అవకాశం బాగా ఉంటుంది, నలుగురు వేర్వేరు వ్యాపారులైతే కష్టం. కరెంటు దొంగతనం కేసులు తొమ్మిదింటిలో రెండేసి ఏళ్లు పడి, మొత్తం 18 ఏళ్లయిన ఉత్తరప్రదేశ్ మనిషికి 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్నీ ఏకకాలంలో నడవాలని చెప్పింది. కానీ అంత దూరం పోవడమెందుకు, శిక్ష ఎంతని జడ్జిగారు అడిగే పూటే పాత తీర్పు కాపీ చేతికిచ్చి, కలపమని మీ వకీలు చేత అడిగించండి. అప్పుడు మర్చిపోతే అప్పీల్లో అడగాలి.