విమానం దిగి ఒపేరా హౌస్‌కి టాక్సీలో వెళ్తున్నారా? డ్రైవర్ చెప్పాడని రైడ్ క్యాన్సిల్ చేయకండి

మొన్న మా నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో తెలిసినవాళ్లకి జరిగింది విన్నాక ఇది రాయక తప్పలేదు. వాళ్ల అమ్మాయి డాన్స్ ప్రోగ్రామ్ ముంబయిలో, రాయల్ ఒపేరా హౌస్ థియేటర్‌లో. పిల్ల టీచర్‌తో ముందే వెళ్లింది. అమ్మా నాన్నా నానమ్మా ప్రోగ్రామ్ రోజే శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కారు. గజ్జెలు, నగల సెట్టు ఉన్న సంచి వీళ్ల దగ్గరే ఉంది. దిగాక యాప్‌లో కారు బుక్ చేశారు, కారు వచ్చింది, నంబరు సరిపోయింది, పెట్టెలన్నీ డిక్కీలో పెట్టారు. అప్పుడు డ్రైవర్ వెనక్కి తిరిగి "సాబ్, క్యాన్సిల్ మార్ దో, ఉత్నే హీ పైసే మే ఛోడ్ దేతా హూఁ, కంపెనీ బహుత్ కాట్తీ హై" (క్యాన్సిల్ కొట్టండి, అదే డబ్బుకి దింపేస్తా, కంపెనీ చాలా కోసేసుకుంటోంది) అన్నాడట. పాపం కదా అని క్యాన్సిల్ చేశారు. బాంద్రా దాటాక రేటు మారింది. మూడింతలు అడిగాడు. మేం ఇవ్వం అనేసరికి వానలో రోడ్డు పక్కన కారు ఆపేసి, డిక్కీ మాత్రం తెరవనన్నాడు. ముసలావిడ లోపల, గజ్జెలు డిక్కీలో, అటు పిల్ల ఫోన్ మీద ఫోన్. చివరికి అడిగినంతా ఇచ్చి చేరేసరికి అమ్మాయి ఇంకెవరివో గజ్జెలు కట్టుకుని స్టేజీ ఎక్కేసింది. కంప్లైంట్ ఇద్దామని యాప్ తెరిస్తే ఏముంది? "మీరే క్యాన్సిల్ చేశారు" అని ఉంది, అంతే.

ఇప్పుడు వానాకాలం, వెంటనే గణపతి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్, అటు సిరోంచ, చంద్రపూర్ వైపు నుంచి మన తెలుగువాళ్లు పిల్లల ప్రోగ్రామ్‌లకి, నాటకాలకి, పెళ్లిళ్లకి ముంబయి పోయే రోజులివి. ఒకప్పుడు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి దిగితే ఎవరో ఒక చుట్టం స్టేషన్‌కి వచ్చేవాడు. ఇప్పుడు ఫ్లైట్లు, పైగా అదే రోజు ప్రోగ్రామ్. పర్సు భద్రం, ఫోన్ చార్జింగ్ చూసుకోండి లాంటివి నేను రాయను, అవి మీకు తెలుసు. తెలిసినవాళ్లు కూడా, చదువుకున్నవాళ్లు కూడా పడిపోతున్న గొయ్యి ఒకటుంది, దాని గురించే ముఖ్యంగా చెప్తాను.

డ్రైవర్ అడిగాడని రైడ్ క్యాన్సిల్ చేయడం.

యాప్‌లో రైడ్ నడుస్తున్నంతసేపూ ఆ కారు ఎక్కడుందో రికార్డవుతుంది. ఆ డ్రైవర్ పేరు, బండి నంబరు, ముందే చూపించిన రేటు అన్నీ రాసి ఉంటాయి. మీరు ఇంటికి పంపిన లింకులో మీ కారు కదులుతూ కనిపిస్తుంది. ఎమర్జెన్సీ బటన్ పని చేస్తుంది. ఏదైనా జరిగితే కంప్లైంట్‌కి ఆధారం ఉంటుంది. క్యాన్సిల్ నొక్కగానే ఇవి దాదాపు అన్నీ ఒకేసారి పోతాయి. ఆ నిమిషం నుంచి మీరు కూర్చున్నది ముక్కూమొహం తెలియని మనిషి కారులో, మీ సామానంతా అతని డిక్కీలో. అతను మంచివాడే కావచ్చు, చాలామంది మంచివాళ్లే, వాళ్ల కమీషన్ బాధ నిజమే. కానీ ఎవరు మంచివాడో బాంద్రా దాటాక తెలుసుకుంటే మీకేం లాభం?

అందరూ నేరుగా "క్యాన్సిల్ చేయండి" అనరు. "జీపీఎస్ పని చేయట్లేదు" అంటారు. "నేను చేస్తే నా రేటింగ్ పడిపోతుంది, మీరు చేయండి" అంటారు. ఇంకొందరు బండి తీయకుండా ఊరికే కూర్చుంటారు, మీరే విసిగిపోయి నొక్కుతారని. అన్నిటికీ ఒకటే జవాబు, గొంతు పెంచకుండా: "నహీ భయ్యా, యాప్ సే హీ చలేంగే" (వద్దన్నా, యాప్‌లోనే వెళ్దాం). అయినా వినకపోతే ముందు మీరు దిగండి. సామాను దింపించుకోండి. పెట్టెలు లెక్క పెట్టుకోండి. అన్నీ మీ కాళ్ల దగ్గరికి వచ్చాక, నేల మీద నిలబడి, "డ్రైవర్ క్యాన్సిల్ చేయమన్నాడు" అనే కారణం ఎంచి అప్పుడు క్యాన్సిల్ చేసి ఇంకో బండి పెట్టుకోండి. క్యాన్సిలేషన్ చార్జీ పడితే యాప్‌లోనే కంప్లైంట్ పెట్టండి, తిరిగి రాకపోయినా పెద్ద నష్టమేం లేదు. కారులో కూర్చుని మాత్రం క్యాన్సిల్ చేయకండి.

బుక్ చేసే ముందు

ముంబయికి ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులు. 2025 డిసెంబర్ 25 నుంచి నవీ ముంబయి ఎయిర్‌పోర్టులో కూడా ఫ్లైట్లు దిగుతున్నాయి. అది పన్వేల్ పక్కన, ఖాడీకి (సముద్రపు పాయకి) అవతల. అక్కడి నుంచి ఒపేరా హౌస్‌కి రావాలంటే 2024లో తెరిచిన అటల్ సేతు మీదుగా శివ్‌డీ వచ్చి ఊళ్లోకి దిగాలి, ఆ వంతెనకి టోల్ వేరే. టికెట్ మీద బి.ఓ.ఎం. అని ఉంటే పాత ఎయిర్‌పోర్టు, ఎన్.ఎం.ఐ. అని ఉంటే నవీ ముంబయి. చవగ్గా ఉందని టికెట్ కొనేసి ఏ ఎయిర్‌పోర్టో చూసుకోనివాళ్లు ఉన్నారు. పాత ఎయిర్‌పోర్టులో కూడా టెర్మినల్ ఒకటి, రెండు దూరం దూరంగా ఉంటాయి, నడిచి పోయేంత దగ్గర కాదు. ముందే టాక్సీ మాట్లాడుకుంటే ఎయిర్‌పోర్టు పేరు, టెర్మినల్ నంబరు రెండూ చెప్పండి. ఇది తప్పైతే డ్రైవర్ ఒక చోట, మీరు ఇంకో చోట ఉంటారు, అప్పుడే ఎవడో వచ్చి "నేను తీసుకెళ్తా" అంటాడు.

దిగాల్సిన చోటు కూడా సరిగ్గా పెట్టండి. "ఒపేరా హౌస్" అంటే ముంబయిలో అది ఒక పేట పేరు, ఒక నాకా (కూడలి) పేరు. వజ్రాల వ్యాపారం నడిచిన బజారు అది. థియేటర్ వేరు. 1911లో బ్రిటిష్ రాజు ఐదో జార్జి చేతుల మీదుగా తెరిచారు కాబట్టి రాయల్ ఒపేరా హౌస్ అన్నారు. 1993లో మూతపడి, బాగు చేశాక 2016లో మళ్లీ తెరుచుకుంది. ఇరవై మూడేళ్లు తలుపులు మూసి ఉన్న హాలు అది, అందుకే కొందరు డ్రైవర్లకి ఒపేరా హౌస్ అంటే నాకానే గుర్తొస్తుంది, అక్కడ దింపేసి పోతారు. పక్కనే కదా అంటారు. ముసలివాళ్లతో, పట్టుచీరలతో, వానలో ఆ రోడ్డు దాటి చూడండి తెలుస్తుంది. మ్యాప్‌లో పూర్తిపేరు కొట్టి, హాలు గేటు మీదే పిన్ను పెట్టండి. (మన తాతలు కూలికి వెళ్లి నిలదొక్కుకున్న కామాఠీపుర అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ వైపు చుట్టాలుంటే ఒక రోజు ముందే వెళ్లి వాళ్లింట్లో దిగడం అన్నిటికంటే మేలు.)

టైమ్ లెక్క

టెర్మినల్ రెండు నుంచి థియేటర్‌కి సుమారు పాతిక కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే గంటలోపే. సాయంత్రం రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. సీ లింక్ (సముద్రం మీది వంతెన), కోస్టల్ రోడ్డు మీదుగా వెళ్తే తొందరగా చేరతారు, సీ లింక్‌కి టోల్ ఉంటుంది, అది రేటులో కలిసి ఉందా లేదా ఎక్కేముందే అడగండి. వానాకాలంలో ఈ లెక్కలేవీ నిలవవు. గట్టి వాన, సముద్రం పోటు ఒకేసారి వస్తే కాలువల నీళ్లు సముద్రంలోకి పోవు, రోడ్డు మీదే నిలబడిపోతాయి. హింద్‌మాతా, కింగ్స్ సర్కిల్, అంధేరి సబ్‌వే, మిలన్ సబ్‌వే అలా మునిగే చోట్లు. పోటు వేళలు మున్సిపాలిటీ ముందే చెప్తుంది, పేపర్లో, టీవీలో వస్తాయి, వెళ్లే ముందు రోజు చూసుకోండి. ఏడింటి ప్రోగ్రామ్‌కి మధ్యాహ్నం రెండులోపు దిగేలా టికెట్ తీయండి. వీలైతే ముందు రోజే.

గణపతి నిమజ్జనం రోజుల్లో ఇంకా జాగ్రత్త. గిర్‌గావ్ చౌపాటీ బీచ్ ఆ థియేటర్ దగ్గరే. ఒకటిన్నర రోజు, ఐదో రోజు, ఏడో రోజు, అన్నిటికంటే అనంత చతుర్దశి నాడు చాలా విగ్రహాలు అటే వస్తాయి. పేరున్న లాల్‌బాగ్ రాజా గణపతి కూడా అక్కడికే, తెల్లారి దాకా ఊరేగింపు నడుస్తుంది. చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, ఏ టాక్సీవాడూ గేటు దాకా తేలేడు. ఆ రోజు ఏ పోలీసు బారికేడ్ దగ్గరో కారు ఆపి "ఇక్కడే దిగండి, క్యాన్సిల్ చేయండి" అంటాడు. దిగండి. క్యాన్సిల్ చేయకండి. రైడ్ ముగించాల్సింది అతను.

సామాను తక్కువగా ఉంటే మెట్రో మూడో లైను చూడండి. 2025 అక్టోబర్ నుంచి కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది, రెండు టెర్మినళ్ల దగ్గరా స్టేషన్లున్నాయి, గిర్‌గావ్‌లోనో గ్రాంట్ రోడ్‌లోనో దిగొచ్చు. వాన నీళ్ల టెన్షన్ తగ్గుతుంది. రాత్రి ప్రోగ్రామ్ అయ్యాక మాత్రం ఆఖరి రైలు దొరుకుతుందని నమ్ముకోకండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను, గుర్తుపెట్టుకోండి.

అరైవల్ గేటు దగ్గర మీ దగ్గరికి వచ్చి "టాక్సీ? టాక్సీ?" అని అడిగేవాడి వెంట వెళ్లకండి. ఐడీ కార్డు మెడలో వేలాడుతున్నా సరే.

ఎవడికీ పెట్టె అందివ్వకండి. పెట్టె పట్టుకుని నడిచేవాడి వెనక మీరు నడవాల్సి వస్తుంది.

నంబరు ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ. ఎలక్ట్రిక్ టాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత బండి, ఎక్కకండి.

యాప్‌లో ఉన్న నంబరు, బండి నంబరు ఒకటేనా చూడండి. "ఆ బండి పాడైంది, ఇది మా అన్నది" అంటే ఎక్కకండి.

మీ పేరు మీరు చెప్పకండి. "కిస్‌కే లియే ఆయే హో?" (ఎవరి కోసం వచ్చావ్?) అని అడగండి, అతను చెప్పాలి.

ఓటీపీ డ్రైవర్‌కి ఫోన్లో చెప్పకండి. అందరూ కూర్చుని, తలుపులు మూశాక చెప్పండి.

ప్రీపెయిడ్ కౌంటర్‌లో తీసుకుంటే ఆ చీటీ దిగేదాకా మీ చేతిలోనే ఉండాలి. ముందే లాక్కుంటే కౌంటర్‌కి వెనక్కి వెళ్లండి.

కాలీ పీలీ (నలుపు పసుపు రంగు టాక్సీ) అయితే మీటర్. రాత్రి పన్నెండు నుంచి ఐదు దాకా నాలుగో వంతు ఎక్కువ, అది రూలే, దానికి గొడవ పడకండి.

ఆటో మాట్లాడుకోకండి. బాంద్రా, సయన్ దాటి ఆటోలు ఊళ్లోకి రావు. మధ్యలో దింపుతారు, అక్కడ టాక్సీవాడు చెప్పిందే రేటు.

అడ్వాన్స్ ఇవ్వకండి. దారిలో క్యూఆర్ స్కాన్ చేయకండి. పెట్రోల్ కొట్టించాలి అన్నా సరే.

గజ్జెలు, నగలు, మందులు, పాసులు డిక్కీలో పెట్టకండి. ఒళ్లో పెట్టుకోండి. ఆ ధర్మాబాద్ వాళ్ల సంచి ఒళ్లో ఉండుంటే వాళ్లు అక్కడే దిగి ఇంకో టాక్సీ ఎక్కేవాళ్లు.

"మొదటిసారి వచ్చాం" అని చెప్పకండి. మాటల్లో మాటగా కూడా వద్దు.

వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోండి.

ఎక్కగానే రైడ్ లింకు ఇంటికి పంపండి. అందిందా అని ఫోన్ చేసి అడగండి, డ్రైవర్‌కి వినబడేలా.

బెదిరిస్తే వాదించకండి. 112. బండి నంబరు చెప్పండి.

తిరుగు ప్రయాణం ప్రోగ్రామ్ మొదలవకముందే తేల్చుకోండి. తెరపడ్డాక హాల్లోంచి అందరూ ఒకేసారి బయటికొస్తారు, ఒకేసారి బుక్ చేస్తారు, వాన పడుతుంటుంది, అప్పుడే మళ్లీ ఎవరో ఒకరు అద్దం దింపి "క్యాన్సిల్ కరో, మై ఛోడ్ దూంగా" అంటాడు. చేయకండి. పది నిమిషాలు హాలు ముందే నిలబడండి. చేయకండి.

పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే వాళ్ల ఫోన్లో కాదు, మీ ఫోన్లో బుక్ చేయండి. డ్రైవర్ కాల్ మీకే వస్తుంది, కారు ఎక్కడుందో మీకే కనిపిస్తుంది, వాళ్లు చేయాల్సింది మీరు చెప్పిన ఓటీపీ అతనికి చెప్పడం ఒక్కటే. అమ్మకో బాపుకో కాయితం మీద పెద్ద అక్షరాలతో బండి నంబరు, "రాయల్ ఒపేరా హౌస్, గిర్‌గావ్" అని రాసి ఇవ్వండి. డ్రైవర్ ఏం అడిగినా "మేరే బేటే సే బాత్ కరో" (మా అబ్బాయితో మాట్లాడు) అని ఫోన్ చేతికివ్వమనండి. క్యాన్సిల్ బటన్ వాళ్ల దగ్గర ఉండదు, అతను ఎంత బతిమాలినా వాళ్లు నొక్కడానికి ఏమీ ఉండదు.