వర్చువల్ మెషీన్‌లో కెర్నల్ ఆటోమేటెడ్ టెస్టింగ్: సమస్య - పరిష్కారం

కొత్తగా బిల్డ్ చేసిన లైనక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎము అనే ప్రోగ్రాంలో బూట్ చేయడం, అందులో పరీక్షలు నడపడం, ఫలితాన్ని హోస్టులోని (క్యూఎము నడిచే అసలు కంప్యూటర్‌లోని) స్క్రిప్టుకు చేర్చడం అనే మూడు పనులూ మనిషి చేయి పడకుండా జరగాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. ఆచరణలో కెర్నల్ తప్పుల కంటే ముందు ఈ ఏర్పాటులోని తప్పులే ఎదురవుతాయి, పైగా అవి కెర్నల్ తప్పుల వేషంలోనే వస్తాయి. కాబట్టి ఏ లక్షణం కనిపించినా, కారణం హోస్టులో ఉందా, కెర్నల్ బిల్డ్ ఆప్షన్ల కాన్ఫిగరేషన్‌లో ఉందా, బూట్ అయ్యాక కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రాం అయిన ఇనిట్‌లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

లక్షణం: మెషీన్ మొదలవుతుంది గానీ తెర మీద ఒక్క అక్షరమూ రాదు

చాలా సందర్భాల్లో కెర్నల్ సవ్యంగానే నడుస్తూ ఉంటుంది. గ్రాఫిక్స్ లేకుండా క్యూఎమును నడిపినప్పుడు మనకు కనిపించేది సీరియల్ పోర్టు ఒక్కటే కాగా, కెర్నల్ తన సందేశాలను వీజీఏ తెరకు పంపుతూ ఉంటుంది. కెర్నల్ కమాండ్ లైన్‌లో కన్సోల్‌గా ఎక్స్86 మీద టీటీవైఎస్0ను, ఆర్మ్ వర్ట్ మెషీన్ మీద టీటీవైఏఎంఏ0ను ఇవ్వాలి. ఆ సీరియల్ డ్రైవరూ, దాని కన్సోల్ మద్దతూ విడిగా లోడయ్యే మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే బిల్ట్-ఇన్‌గా ఉండాలి. అప్పటికీ నిశ్శబ్దమే అయితే, ఎర్లీకాన్ పారామీటర్ చేర్చి చూడాలి. కన్సోల్ సిద్ధం కాకముందే కెర్నల్ పడిపోతున్నట్లయితే అది బయటపడుతుంది.

లక్షణం: "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అంటూ పానిక్

పానిక్ అంటే కోలుకోలేని తప్పు ఎదురై కెర్నల్ ఆగిపోవడం; ఇక్కడ రూట్ ఫైల్‌సిస్టమ్‌ను తెరవలేక ఆగిపోయింది. ఈ సందేశం చివర "అన్‌నోన్-బ్లాక్" పక్కన బ్రాకెట్లలో వచ్చే రెండు అంకెలను చూడకుండా కాన్ఫిగరేషన్‌ను మార్చడం మొదలుపెట్టకూడదు. (0,0) అని ఉంటే మీరు చెప్పిన డిస్కే కెర్నల్‌కు దొరకలేదని అర్థం: క్యూఎము వర్చువల్ డిస్కుకు కావలసిన వర్టియో పీసీఐ, వర్టియో బ్లాక్ డ్రైవర్లు లేకపోవడమో, అవి మాడ్యూళ్లుగా ఉండిపోవడమో, డిస్క్ వీడీఏగా వస్తుండగా రూట్ పారామీటర్‌లో ఎస్‌డీఏ అని రాయడమో కారణం. సున్నాలు కాని అంకెలు ఉంటే డిస్క్ దొరికింది గానీ దాని మీది ఫైల్‌సిస్టమ్‌ను చదవలేకపోయిందని అర్థం. అప్పుడు ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్‌సిస్టమ్ మద్దతు బిల్ట్-ఇన్‌గా ఉందో లేదో చూసుకోవాలి.

ఆప్షన్‌ను పెట్టాను కదా అనుకున్నా అది నిలవకపోవచ్చు. ఒక ఆప్షన్ ఆధారపడే మరో ఆప్షన్ ఆపి ఉంటే, కాన్ఫిగరేషన్ ఫైలును సరిచేసే మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఆదేశం దానిని ఏ హెచ్చరికా లేకుండా తీసేస్తుంది. అందువల్ల బిల్డుకు ముందు తుది కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రతి అవసరమైన ఆప్షన్‌నూ స్క్రిప్టే వెతికి, లేకపోతే అక్కడికక్కడే ఆగిపోయేలా చేయాలి.

లక్షణం: "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్" అంటూ పానిక్

ఇది చాలామంది కెర్నల్ బగ్‌గా పొరబడే సందేశం. పరీక్షా స్క్రిప్టునే ఇనిట్‌గా పెట్టుకున్నప్పుడు, అది తన పని ముగించుకుని బయటికి వచ్చినా కెర్నల్ దృష్టిలో ఒకటో నంబరు ప్రాసెస్ చనిపోయినట్టే కాబట్టి పానిక్ అవుతుంది. సందేశంలోని ఎగ్జిట్‌కోడ్ అసలు సంగతి చెబుతుంది. అది హెక్సాడెసిమల్‌లో ఉంటుంది. స్క్రిప్ట్ తనంతట తాను ముగిసిన సందర్భాల్లో దాని ఎగ్జిట్ స్టేటస్ చివరి రెండు స్థానాలకు ఎడమ పక్కన కూర్చుంటుంది. మొత్తం సున్నా అయితే స్క్రిప్ట్ చక్కగానే ముగిసింది, చివర మెషీన్‌ను ఆపే ఆదేశం మాత్రం లేదు. 100 అయితే స్క్రిప్ట్ 1తో విఫలమైంది. 7ఎఫ్00 అయితే అది 127, అంటే షెల్‌కు ఏదో కమాండ్ దొరకలేదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో (బూట్ సమయంలో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్‌లో) ఆ ప్రోగ్రాం పెట్టడం మరిచారన్నమాట.

ఇనిట్ అసలు మొదలే కాకపోతే వచ్చే ఎర్రర్ నంబర్లూ ఇంతే స్పష్టంగా మాట్లాడతాయి. ఫైలు కళ్లెదుటే ఉన్నా -2 వస్తోందంటే, స్క్రిప్ట్ మొదటి వరుసలో పేర్కొన్న షెల్ గానీ, ప్రోగ్రాంకు కావలసిన డైనమిక్ లోడర్ గానీ ఇమేజ్‌లో లేదు. స్టాటిక్‌గా బిల్డ్ చేసిన బిజీబాక్స్ (షెల్, ఇతర కమాండ్లు ఒకే ఫైలులో ఉండే ప్రోగ్రాం) వాడితే ఈ బెడద చాలావరకు తీరుతుంది. -8 వస్తే వేరే ఆర్కిటెక్చర్ బైనరీ అయినా అయి ఉండాలి, స్క్రిప్టులను నడిపే మద్దతు కాన్ఫిగరేషన్‌లో లేకనైనా పోవాలి. -13 అయితే ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వలేదు.

లక్షణం: పానిక్ అయిన మెషీన్ రాత్రంతా అలాగే నిలిచిపోతుంది

డీఫాల్ట్‌గా పానిక్ తర్వాత కెర్నల్ అక్కడే ఆగిపోతుంది. పానిక్ పారామీటర్‌కు -1 ఇస్తే వెంటనే రీబూట్ అవుతుంది. క్యూఎముకు నో-రీబూట్ ఆప్షన్ ఇస్తే ఆ రీబూట్ కాస్తా మెషీన్ మూసివేతగా మారుతుంది. ఊప్స్ (పానిక్ వరకు వెళ్లని కెర్నల్ తప్పు) వచ్చినా ముందుకు సాగిపోకుండా ఊప్స్‌ను కూడా పానిక్‌గా మార్చే పారామీటర్ చేర్చాలి. వీటన్నిటికీ పైన హోస్టులో, గడువు దాటితే క్యూఎమును ఆపేసే టైమౌట్ కమాండ్ తప్పనిసరి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఇలా పానిక్ అయి ముగిసిన క్యూఎము సున్నా ఎగ్జిట్ కోడ్‌తోనే బయటికి వస్తుంది కనుక, ఆ కోడ్‌ను నమ్మే స్క్రిప్ట్ కుప్పకూలిన కెర్నల్‌కు పాస్ మార్కులు వేస్తుంది. పరీక్షలన్నీ పూర్తయ్యాక ఇనిట్ సీరియల్ మీద ఒక ప్రత్యేక ముగింపు వాక్యం రాయాలి, ఆ వాక్యం లాగ్‌లో కనిపిస్తేనే పాస్ అనాలి, లేకపోతే ఏదైనా సరే ఫెయిలే. సీరియల్ లాగ్‌లో ప్రతి వరుస చివరా కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. దానిని తొలగించకుండా వరుస మొత్తాన్ని పోల్చి గ్రెప్ కమాండ్‌తో వెతికితే ఉన్న వాక్యం కూడా దొరకదు. అలాగే ఆ వాక్యాన్ని కెర్నల్ కమాండ్ లైన్ ద్వారా పంపకూడదు, ఎందుకంటే కెర్నల్ బూట్ అవుతూనే తన కమాండ్ లైన్‌ను లాగ్‌లో ముద్రిస్తుంది.

లక్షణం: ఆర్‌సీయూ స్టాల్, సాఫ్ట్ లాకప్ హెచ్చరికలు అప్పుడప్పుడు వస్తాయి

ఇవి ఏదో ఒక సీపీయూ చాలాసేపు స్పందించలేదని కెర్నల్ ఇచ్చే హెచ్చరికలు. ముందుగా కేవీఎం (వర్చువల్ మెషీన్‌ను హోస్టు ప్రాసెసర్ మీదే నేరుగా నడిపే లైనక్స్ సౌకర్యం) పని చేస్తోందో లేదో చూడండి. అది లేనప్పుడు క్యూఎము ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లోనే అనువదించి నడుపుతుంది కాబట్టి, మామూలుగా 21 సెకన్లుండే ఆర్‌సీయూ గడువు, 20 సెకన్ల లాకప్ గడువు తప్పు లేకుండానే దాటిపోవచ్చు. యూజర్ కేవీఎం గ్రూపులో లేకపోవడం, హోస్టు కూడా ఒక వర్చువల్ మెషీనై నెస్టెడ్ వర్చువలైజేషన్ (వర్చువల్ మెషీన్ లోపల మరొకటి నడిపే సౌకర్యం) ఆపి ఉండటం సాధారణ కారణాలు. హోస్టు కోర్ల కంటే ఎక్కువ వర్చువల్ సీపీయూలు ఇచ్చినా ఇదే జరగవచ్చు.

లక్షణం: మొదటిసారి పాస్, రెండోసారి ఫెయిల్

కూలిపోయిన కెర్నల్ డిస్క్ ఇమేజ్‌ను పాడు చేసి ఉంటుంది. క్యూఎము స్నాప్‌షాట్ ఆప్షన్‌తో ప్రతిసారీ శుభ్రమైన ఇమేజ్ నుంచే మొదలుపెట్టాలి.

లక్షణం: అన్నీ పాస్, అయినా బగ్ అలాగే ఉంది

కెర్నల్ సోర్సుతో వచ్చే పరీక్షల సముదాయమైన కే-సెల్ఫ్‌టెస్టులో 4 అనే ఎగ్జిట్ కోడ్‌కు స్కిప్ (పరీక్ష నడపలేదు) అని అర్థం, ఫలితాలను వరుసకొకటిగా రాసే ట్యాప్ ఫార్మాట్‌లో స్కిప్ కూడా "ఓకే" వరుసగానే వస్తుంది. "ఓకే"లను లెక్కపెట్టే స్క్రిప్టుకు నడవని పరీక్షలూ పాసయినట్టే, "నాట్ ఓకే"లోని "ఓకే" కూడా లెక్కలో పడితే మరీ దారుణం. స్కిప్‌లను విడిగా లెక్కించి, మేక్ కే-సెల్ఫ్‌టెస్ట్-మెర్జ్ ద్వారా ఆయా పరీక్షలు కోరే ఆప్షన్లను కాన్ఫిగరేషన్‌లో కలపాలి. పరీక్షల తర్వాత కెర్నల్ టెయింట్ విలువను (తనలో జరిగిన తేడాలను కెర్నల్ గుర్తుపెట్టుకునే సంఖ్యను) కూడా చదవాలి: అందులో 512 బిట్ ఉంటే ఎక్కడో వార్నింగ్, 128 బిట్ ఉంటే ఊప్స్ వచ్చింది. లాకుల వాడకంలో తప్పులను పట్టే లాక్‌డెప్ మొదటి ఫిర్యాదుతోనే తనను తాను ఆపేసుకుంటుంది కనుక, ఒకే బూట్‌లో వందల పరీక్షలు నడిపేవారు తరువాతి నిశ్శబ్దాన్ని నమ్మకూడదు.

లక్షణం: గిట్ బైసెక్ట్ సంబంధం లేని కమిట్‌ను చూపిస్తుంది

గిట్ బైసెక్ట్ బగ్ ఏ కమిట్‌తో (సోర్సులో నమోదైన మార్పుతో) వచ్చిందో సగం సగం చేస్తూ వెతుకుతుంది, బైసెక్ట్ రన్ ప్రతి కమిట్ మీదా మన స్క్రిప్టును నడిపి దాని ఎగ్జిట్ కోడ్‌ను చూస్తుంది. దానికి సున్నా అంటే మంచి కమిట్, 125 అంటే వదిలేయమని, 127 వరకు మిగిలినవన్నీ చెడ్డ కమిట్, అంతకు మించితే మొత్తం బైసెక్ట్ ఆగిపోతుంది. బిల్డ్ విఫలమైనప్పుడు మేక్ ఇచ్చే కోడ్‌ను అలాగే పంపితే, కంపైల్ కాని ప్రతి కమిట్ మీదా చెడ్డదన్న ముద్ర పడుతుంది. అక్కడ 125 ఇవ్వాలి. టైమౌట్ కమాండ్ గడువు దాటితే 124 ఇస్తుంది, అంటే హోస్టు నెమ్మదించినా నేరం కెర్నల్ మీదే పడుతుంది. కిల్ సిగ్నల్‌తో చంపితే 137 వచ్చి బైసెక్ట్ మధ్యలోనే నిలిచిపోతుంది. క్యూఎమును ముగించే ఐసా-డీబగ్-ఎగ్జిట్ అనే వర్చువల్ పరికరం వాడేవారు, అందులోకి రాసిన విలువను అది రెట్టింపు చేసి ఒకటి కలిపి ఎగ్జిట్ కోడ్‌గా ఇస్తుంది కాబట్టి సున్నా ఎన్నటికీ రాదని గుర్తుంచుకుని, క్యూఎము కోడ్‌ను స్క్రిప్టులో మార్చి పంపాలి. పరీక్షా స్క్రిప్టును కెర్నల్ సోర్సు బయట ఉంచాలి, లేకపోతే పాత కమిట్‌కు వెళ్లినప్పుడు దాని పాత రూపం నడవవచ్చు, లేదా అసలు స్క్రిప్టే కనిపించకపోవచ్చు.